ఆ నిశ్చింత ఎవరిది?

పాత గడీ ముందు నిలబడి ఫొటో దిగాలన్న ముచ్చట మన మెట్‌పల్లి, కోరుట్ల వైపు కూడా ఉంది. పెండ్లి కుదిరినవారికి, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవారికి ఆ ఎత్తయిన దర్వాజా, కమాన్లు, చుట్టూ పచ్చని పొలాలు కంటికి ఇంపుగా ఉంటాయి. బాగుచేయించిన దోమకొండ గడీకోటకైతే 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారమే లభించింది. అటువంటి ఫొటో చూడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఆ రోజులే రోజులు! ఏ చింతా లేని బతుకు!"

ఫొటో ధర్మసమ్మతమా కాదా అన్న చర్చ మేము ఇక్కడ తలపెట్టలేదు. బొమ్మలు చేసి బతికే ఒక వ్యక్తికి, చెట్లనూ ప్రాణం లేని వస్తువులనూ చిత్రించుకొమ్మని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) సలహా ఇచ్చినట్లు బుఖారీలో ఉంది. గోడల ఫొటోకు అది చాలు. మా ప్రశ్న ఆ నిట్టూర్పు గురించి.

నిట్టూర్పు దానంతటదే పాపం కాదు. మదీనాకు వలస వచ్చిన కొత్తలో జ్వరపడిన హజ్రత్ బిలాల్ (రజి), మక్కా లోయలోని గడ్డినీ నీటి తావులనూ కొండలనూ తలచుకొని బెంగపడ్డారు. ఈ సంగతి తెలిసిన దైవప్రవక్త (స) మందలించలేదు. మదీనాను కూడా మక్కా అంత ప్రియమైనదిగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. దుబాయి, దమ్మాముల్లో ఇరుకు గదుల్లో పడుకొని ఊరి ఫొటోలు చూసుకునే మన సోదరులకు ఇంతకన్నా ఊరటనిచ్చే హదీసు ఏముంది?

అయితే ఒక విషయం గమనించండి. అదే మక్కాలో బిలాల్ (రజి) బానిస. మండుటెండలో ఆయన రొమ్ముపై బండ పెట్టించినవాడు ఉమయ్యా. బిలాల్ బెంగపడింది లోయలోని గడ్డి కోసం, ఉమయ్యా ఇంటి కోసం కాదు. పైగా ఆ జ్వరంలోనే, తమను ఊరి నుంచి వెళ్లగొట్టిన ఉమయ్యాను, అతని తోటివారిని పేరుపేరునా శపించారు.

మరి మనం ఏ ఇంటి కోసం బెంగపడుతున్నాం? ఏ ఒక్క కుటుంబాన్నో వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. కానీ గడీల కాలంలో దొర నిశ్చింతగా ఉండాలంటే నీళ్లు మోసేవారు, బట్టలు ఉతికేవారు, చెప్పులు కుట్టేవారు, బండి ముందు పరుగెత్తేవారు కావాలి. కూలి లేదు. దాని పేరే వెట్టి. 1949లో జాగీర్లు రద్దయినా పెత్తనం పోలేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు వేలాదిమంది తరలివచ్చింది ఆ బాధ తోనే. మన ముస్లింలలో కొందరికి నిజాం కాలం పేరెత్తితే బెంగ ఇంకాస్త ఎక్కువ. జాగీర్దారులలో మనవారూ ఉన్నారు, నిజమే. కానీ ఆనాటి పేద ముస్లిం కూడా దర్వాజా బయటే నిలబడ్డాడు.

పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే వైరిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసు. ఫిరౌను జాతివారు విడిచిపోయిన తోటలను, సెలయేళ్లను, పంటపొలాలను, గొప్ప భవనాలను, వారు అనుభవించిన సుఖాలను దివ్య ఖుర్ఆన్ ఒక్కొక్కటిగా గుర్తుచేసి, వారి కోసం ఆకాశమూ ఏడవలేదు, భూమీ ఏడవలేదని చెబుతుంది (అద్దుఖాన్: 25-29). అటువంటి భోగం కోసం మన కళ్లు చెమర్చడం దేనికి?

నిశ్చింతను కోరుకోవద్దని ఎవరూ అనడం లేదు. తమ దుఃఖాన్ని తొలగించిన అల్లాహ్‌ను స్వర్గవాసులు స్తుతిస్తారని ఫాతిర్ సూరా (34) తెలుపుతోంది. ఆ నిశ్చింతలో మరొకరి చెమట లేదు.

ఇప్పుడు గల్ఫ్ పైసలతో మన ఊళ్లలో కొత్త భవంతులు లేచాయి. ఎడారి ఎండలో ఒళ్లు వంచి సంపాదించిన సొమ్ము, సంతోషమే. గృహప్రవేశం నాడు వాటికీ ఫొటోలు తీస్తాం. ఆ గోడ కట్టిన మేస్త్రీ లెక్క తేలిందా? ఇటుకలు మోసిన ఆడకూలీకి ఆఖరి వారం పైసలు అందాయా?