అడిగేదాకా ఆగకు, తల్లీ

తల్లీ, క్లోజర్‌లో కోడ్ రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. 2007లో రిచ్ హికీ బయటికి తెచ్చిన ఆ భాషలో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్దమ్మగా ఒక్క మాట చెబుతాను. కలెక్షన్ కట్టేటప్పుడల్లా, ఆ పని నిజంగా ఎప్పుడు జరుగుతుందో చూసుకో.

మ్యాప్ రాయగానే పని అయిపోయిందనుకుంటాం. కానీ అది ఇచ్చేది లేజీ సీక్వెన్స్. ఎవరైనా అడిగేదాకా లెక్క మొదలే కాదు. విత్‌ఓపెన్‌లో ఫైలు తెరిచి, లైన్లమీద మ్యాప్ పెట్టి, ఫలితాన్ని బయటికి ఇచ్చావనుకో. బయట చదవబోయేసరికి ఫైలు మూసేసి ఉంటుంది. ‘స్ట్రీమ్ క్లోజ్‌డ్’ అంటూ ఎర్రర్ ఇంకెక్కడో పడుతుంది, నువ్వేమో అక్కడ వెతుక్కుంటూ కూర్చుంటావు.

అందుకే ఫైలు మూసేలోపే మ్యాప్‌వీతో వెక్టర్ కట్టెయ్. వడపోత కూడా ఉంటే ఖాళీ వెక్టర్‌నీ ట్రాన్స్‌డ్యూసర్‌నీ ఇంటూకి ఇవ్వు. మధ్యలో అనవసరపు సీక్వెన్సులు పుట్టవు. ఇంటూ లోపల ట్రాన్సియెంట్ వాడుతుంది కాబట్టి పని చురుగ్గానూ సాగుతుంది. ఒక్క జాగ్రత్త: మ్యాప్‌వీ లోపల మళ్లీ మ్యాప్ రాస్తే, పై వరస మాత్రమే పూర్తవుతుంది, లోపలివి లేజీగానే ఉండిపోతాయి. అక్కడా మ్యాప్‌వీయే పెట్టు.

మెయిల్ పంపడం, డేటాబేస్‌లో రాయడంలాంటి పనులు మ్యాప్‌కి అప్పగించకు. రెప్ల్ ఫలితాన్ని చూపించడం కోసం తనే అడుగుతుంది గనుక అక్కడ అన్నీ పోయినట్టే కనిపిస్తాయి. ప్రోగ్రామ్‌లో అడిగేవాళ్లు లేకపోతే ఒక్క మెయిలూ పోదు. వెక్టర్ మీద మ్యాప్ చేసి మొదటిదొక్కటే అడిగావా, 32 మెయిళ్లు ఒక్కసారే పోవచ్చు. వెక్టర్ అంశాల్ని మ్యాప్ 32 చొప్పున కట్టలుగా తీస్తుంది మరి. అలాంటి పనులకు డూసీక్ ఉంది, అదే వాడు.

అలాగని దొరికిన ప్రతిదాన్నీ వెక్టర్‌గా మార్చకు. మెమరీలో పట్టనంత పెద్ద లాగ్ ఫైలులో నీకు కావలసింది మొత్తం ఒక్కటే అయితే, ఫైలు తెరిచి ఉండగానే రెడ్యూస్‌తో కూడేసుకో. ఏ లైనునీ దాచుకోనక్కర్లేదు.

కోడ్ రివ్యూకి పంపేముందు ప్రతి మ్యాప్ దగ్గరా ఒక్క క్షణం ఆగు. దీన్ని అడిగేదెవరు, అప్పటికి ఫైలూ కనెక్షనూ తెరిచి ఉంటాయా అని చూసుకో. ఈ అలవాటు ఇప్పుడే చేసుకున్నావంటే అర్ధరాత్రి ఫోన్లు చాలా తప్పుతాయి, నిశ్చింతగా నిద్రపోతావు.