చంద్రగిరి నేర్పు శాంతి

శ్రావకుని దినము అంగడి తలుపు తీయుటతో మొదలై చిట్టా మూయుటతో ముగియును. సరకు ధర పడినను, బాకీ వసూలు కాకున్నను అతని మనస్సు కలత చెందును. అంతకంటె పెద్ద కలత, తండ్రి గతించిన పిదప అన్నదమ్ములు పంపకమునకు కూర్చున్ననాడు పుట్టును. ఒకే పంక్తిని భుజించినవారు ఒకరి గడప మరొకరు తొక్కరు. అట్టి కలత గలవారు ఒక్క ఉదయము శ్రవణబెళగొళలోని చంద్రగిరిపై నడచి చూడవలెను.

కర్ణాటకమున హాసన జిల్లాలోని ఈ చిన్నకొండను కన్నడిగులు చిక్కబెట్ట అందురు. భద్రబాహు స్వామియు, చంద్రగుప్త మౌర్యుడును ఇచ్చటనే దేహము చాలించిరని సంప్రదాయము. తరువాత ఎందరో మునులు, ఆర్యికలు, గృహస్థులు సల్లేఖన వ్రతముతో ఇచ్చట తనువు విడిచిరి. వారి జ్ఞాపకార్థము వెలసిన శాసనములు బండమీదను, స్తంభములమీదను నేటికిని కలవు. అట్టి స్మారకములనే నిషిధులందురు. తెలుగు నేలపైనను, కడప జిల్లాలో పెన్న ఒడ్డున దానవులపాడులో, రాష్ట్రకూట దండనాయకుడు శ్రీవిజయుని నిషిధి వెలసినది.

చెప్పులు విడిచి ఆ బండపై మెల్లగా నడచువానికి చుట్టును మరణపు గుర్తులే. అయినను భయము కలుగదు. అచ్చట పేరు నిలిచినవారు మృత్యువు లాగికొనిపోయినవారు కారు. తామే మూట దించినవారు.

గంగరాజు మారసింహుని స్తంభమునే చూడుడు. శాసనము నిండ అతని జయములే. చివరి మాట మాత్రము వేరు: రాజ్యము విడిచి, బంకాపురమున అజితసేనాచార్యుల సన్నిధిని మూడు దినములు ఉపవసించి, 974లో దేహము చాలించెను. అంత పెద్ద ఖాతాకు కడపటి పద్దు అదియే. రాష్ట్రకూట వంశపు నాల్గవ ఇంద్రుడు 982లో శ్రవణబెళగొళలోనే ఆ వ్రతము పూనెను.

దుఃఖముతోనో కోపముతోనో ప్రాణము తీసికొనుట సల్లేఖన కాదు. అది గురువుల అనుజ్ఞతో, ఆయువు ముగియు వేళ పూనునది. శరీరముతోపాటు క్రోధ మాన మాయా లోభములను సన్నగిల్లజేయుట దాని అర్థము. ఈ నాలుగింటిని సన్నగిల్లజేయుటకు గృహస్థుడు కడపటి దినము దాక ఆగనక్కరలేదు.

ఆ కొండమీదనే భరతేశ్వరుని అసంపూర్ణ విగ్రహమొకటి కలదు. ఎదుట వింధ్యగిరిపై, 981 ప్రాంతమున చావుండరాయడు నిలిపిన 57 అడుగుల బాహుబలి. భరతుడు అన్న, బాహుబలి తమ్ముడు. రాజ్యము కొరకే తగవు. దృష్టియుద్ధము, జలయుద్ధము, మల్లయుద్ధము మూడింటను తమ్ముడే గెలిచెను. గెలిచి విడిచెను! ఓడినవాడు వదలుకొనుట వింత కాదు. చేత చిక్కినదానిని విడుచుటయే త్యాగము. అన్నదమ్ములిద్దరిని ఒకేచోట నిలిచి తలచుకొన్నవానికి తన అంగడి వాటా ఎంత చిన్నదో తెలియును.

వ్యాపారము మానుమని ధర్మము గృహస్థునకు చెప్పలేదు. ఆస్తికి హద్దు వ్రాసికొమ్మన్నది. అదియే పరిగ్రహ పరిమాణ వ్రతము. దినమునకు 48 నిమిషములు సామాయికమున కూర్చుండుమన్నది. ఏటేట క్షమ వేడుమన్నది. దూరదేశపు బేరగాండ్రకు క్షమాపణ కార్డులు పంపి, పక్కవీధిలోని అన్న ఇంటికి పోకున్నచో అది ఏపాటి క్షమ?

కొండ ఎక్కినవాడు దిగక తప్పదు. దిగిన శ్రావకుడు అంగడికి పోవుటకు ముందు ఆ అన్న ఇంటి తలుపు తట్టుగాక.