విద్య, విశ్వాసం, దోషం: పద్దెనిమిదో శతాబ్ది ఇంగ్లండులో పుస్తక చౌర్యం

1736 మే నెలలో లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో హెన్రీ జస్టిస్ అనే బారిస్టరు దొంగతనం నేరంపై విచారణకు నిలిచాడు. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల గ్రంథాలయం నుంచి పుస్తకాలు అపహరించాడన్నది అభియోగం. 25 పౌండ్ల విలువ కట్టిన సచిత్ర బైబిలు, 10 పౌండ్ల విలువ కట్టిన అశ్వవిద్యా గ్రంథం, సంపుటాల నుంచి కోసి తీసిన లఘు రచనలు అపహృత వస్తువులలో ఉన్నాయి. నిందితుని ఇంటిపేరుకు ‘న్యాయం’ అని అర్థం. యాదృచ్ఛికమే అయినా ఆనాటి లండన్ వాసులు దానిని గమనించకుండా ఉండి ఉండరు. నిందితుడు నిరక్షరాస్యుడు కాడు, నిరుపేద కాడు. చట్టం తెలిసినవాడు, గ్రంథాల విలువ తెలిసినవాడు. ఆ తెలివిడి అతని దోషాన్ని తగ్గిస్తుందా, పెంచుతుందా అన్న ప్రశ్న ఈ వ్యాజ్యంలో ప్రధానమైనది.

ఆనాటి ఇంగ్లండు శిక్షాస్మృతికి పుస్తకం ప్రత్యేక వస్తువు కాదు. వెండి చెంచాకు, పట్టుగుడ్డకు వర్తించిన కొలమానమే దానికీ వర్తించింది. అపహరించిన వస్తువు విలువ 12 పెన్నీలు దాటితే అది పెద్ద దొంగతనం. 1699 నాటి చట్టం ప్రకారం దుకాణంలో 5 షిల్లింగుల సరుకును రహస్యంగా తస్కరించడం మరణశిక్షకు తగిన నేరం. 1713 నాటి చట్టం నివాసగృహంలో 40 షిల్లింగుల చోరీకి అదే శిక్ష విధించింది. పుస్తక విక్రేత దుకాణంలో ఒక పెద్ద సంపుటాన్ని చాటుగా తీసినవాడికి ఉరి ప్రాప్తించవచ్చు. గ్రంథాలయంలో 25 పౌండ్ల బైబిలును తీసినవాడికి ప్రాణభయం లేదు. జూరీలు ఈ క్రౌర్యాన్ని తమకు తోచిన తీరులో సడలించారు. వస్తువు విలువను కావాలనే తగ్గించి చెప్పి ముద్దాయి ప్రాణం నిలిపేవారు. న్యాయకోవిదుడు విలియం బ్లాక్‌స్టన్ దీనిని ఒక విధమైన పుణ్యప్రదమైన అసత్య ప్రమాణంగా పరిగణించాడు.

రచనను అపహరించేవారి పట్ల చట్టం వైఖరి వేరు. 1710లో అమలులోకి వచ్చిన గ్రంథస్వామ్య చట్టం అనుమతి లేకుండా ముద్రించిన పుస్తకాలను స్వాధీనం చేసుకోవాలని, కాగితానికి ఒక పెన్నీ చొప్పున జరిమానా వసూలు చేయాలని నిర్దేశించింది. ఒక ప్రతిని ఎత్తుకుపోయినవాడికి సముద్రాల ఆవల ప్రవాసం; రచన మొత్తాన్ని ఎత్తుకుపోయినవాడికి పెన్నీలు. చేతికి అందే వస్తువునే ఆస్తిగా చూడటానికి అలవాటుపడిన న్యాయవ్యవస్థకు ఇందులో వైరుధ్యం కనిపించలేదు. అచ్చు కాగితాలను అపహరించి చిత్తు కాగితంగా తూకానికి అమ్మేవారూ ఆ నగరంలో ఉన్నారు. దొంగకు తూకం, చట్టానికి వెల: పుస్తకం పాఠకునిదన్న ఊహ రెండింటిలోనూ లేదు. 1708 నాటి చర్చి గ్రంథాలయాల చట్టం ఇందుకు కొంత మినహాయింపు. పోయిన పుస్తకం కోసం సోదా జరిపించే అధికారాన్ని, గ్రంథాలయ పక్షాన మూడింతల నష్టపరిహారం కోరే హక్కును అది కల్పించింది. దోషిని శిక్షించడం కంటే పుస్తకాన్ని అరలోకి తిరిగి చేర్చడమే దాని లక్ష్యం.

అక్షరాస్యతకూ శిక్షకూ ఇంగ్లండులో పాత సంబంధమే ఉంది. మతాచార్యులను లౌకిక న్యాయస్థానాల మరణదండన నుంచి తప్పించిన ‘బెనిఫిట్ ఆఫ్ క్లర్జీ’ అనే మినహాయింపు క్రమంగా చదవగలిగిన ప్రతి పురుషునికీ దక్కింది. సాధారణంగా 51వ కీర్తన తొలి వాక్యాన్ని చదివిస్తారు; చదివినవాడు చేతిపై ముద్రతో బయటపడతాడు. మెడను కాపాడే వాక్యమని జనం దానికి పేరుపెట్టారు. వాక్యాన్ని కంఠస్థం చేసి గట్టెక్కినవారూ లేకపోలేదు. 1706లో ఈ పఠన పరీక్ష రద్దయింది. 1718 నుంచి చేతిముద్రకు బదులు ఏడేళ్ల దేశాంతరవాసం విధించే అధికారం న్యాయస్థానాలకు లభించింది. జస్టిస్ ముందున్న అవకాశాలు ఈ రెండే.

అతడు మొదట చేసిన వాదం తేలికగా తీసివేయదగినది కాదు. తాను ట్రినిటీలో ఫెలో కామనర్ కనుక కళాశాల అనే సమష్టి సంస్థలో సభ్యుడినని, సభ్యునికి ఉమ్మడి ఆస్తిలో భాగం ఉన్నప్పుడు దానిని తీసుకోవడం చౌర్యం కాదని అతని తర్కం. అభియోక్తలు ఎనిమిదో హెన్రీ ఇచ్చిన శాసనపత్రాన్ని చదివి వినిపించి, సంస్థ అంటే అధ్యక్షుడు, ఫెలోలు, స్కాలర్లు మాత్రమేనని, ఫెలో కామనర్లు కేవలం భోజన వసతి పొందేవారని నిరూపించారు. వాదం వీగిపోయింది గాని, వీగిన తీరు తృప్తికరంగా లేదు. అతడు నిజంగా సభ్యుడై ఉంటే దోషం తొలగిపోయేదా? ఉమ్మడి గ్రంథాన్ని ఒకడు సొంతం చేసుకుంటే మిగిలిన పాఠకులందరూ దానిని కోల్పోతారు. తీసుకున్నవాడు వారిలో ఒకడైనంత మాత్రాన ఆ నష్టం తగ్గదు. న్యాయస్థానం సభ్యత్వాన్ని విచారించింది, నష్టాన్ని విచారించలేదు.

శిక్ష ఖరారు చేసే వేళ జస్టిస్ తనను దేశాంతరం పంపవద్దని వేడుకున్నాడు. పిల్లలకు, కక్షిదారులకు నష్టమన్నాడు. విశ్వవిద్యాలయపు పుస్తకాలు కొన్ని మిత్రుల వద్ద, కొన్ని హాలండులో ఉన్నాయని, తాను వెళ్లిపోతే వాటిని తిరిగి అప్పగించలేనని చెప్పాడు. ఇది పశ్చాత్తాపమో, బేరమో తేల్చడం కష్టం. న్యాయాధికారి జాలి చూపుతూనే, అతని విద్య, వృత్తి నేరాన్ని మరింత బరువు చేశాయని చెప్పి ఏడేళ్ల దేశాంతరవాసం విధించాడు. గడువులోగా తిరిగివస్తే మరణమే. ముప్పై ఏళ్ల క్రితం వరకు ప్రాణం కాపాడిన విద్య ఇక్కడ దోషాన్ని పెంచే హేతువైంది.

న్యాయాధికారి చెప్పిన కారణం మాత్రం నిలిచేది కాదు. దొంగతనం తప్పని తెలియడానికి న్యాయశాస్త్రం చదవనక్కరలేదు. చదువురాని కూలీకి కూడా అది తెలుసు. జస్టిస్ దోషం బరువెక్కింది విద్య వల్ల కాదు, ఆ విద్యను చూసి ఇతరులు అతనిపై ఉంచిన నమ్మకం వల్ల. పుస్తకాలను గొలుసులతో అరలకు బంధించే ఆచారం ఆ శతాబ్దంలో అంతరిస్తున్నది. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో 1757 నుంచి గొలుసులు తొలగించసాగారు. గొలుసు లేని గ్రంథాలయం పాఠకుని మాట మీదే నడుస్తుంది. అక్కడ ఒకడు మాట తప్పితే, తరువాత వచ్చే నిర్దోషి పాఠకునికి తలుపు మూసుకుపోవచ్చు. ఈ నష్టం 25 పౌండ్ల లెక్కకు అందదు.

శిక్ష అమలైన తీరు మరో సంగతి చెబుతుంది. ఆ నెల 17న వందమందికి పైగా ఖైదీలను న్యూగేట్ కారాగారం నుంచి కాలినడకన రేవుకు తరలించి, మూసిన పడవలో బ్లాక్‌వాల్‌లోని ఓడకు చేర్చారు. జస్టిస్ బండిలో వెళ్లాడు. అతనికి, మరి నలుగురు పెద్దమనుషులకు కప్తాను గది దక్కింది. తినుబండారాలు సమృద్ధిగా వెంట తీసుకుపోయారు. విద్యావంతుడు కనుక దోషం అధికమన్న తీర్పు ఓడ ఎక్కేసరికి చెల్లకుండా పోయింది. పెద్దమనిషి తరువాతి జీవితం హేగ్ నగరంలో గడిచింది. 1763లో అతని గ్రంథసంచయాన్ని అక్కడే వేలం వేశారు.