మగపిల్లలకి లేని మాట

వృషణాల కేన్సర్ గురించి స్త్రీవాదులు ఎందుకు మాట్లాడాలి? మన రొమ్ము కేన్సర్, గర్భాశయ ముఖద్వార కేన్సర్ సంగతే ఇంకా గడప దాటలేదు, మగవాళ్ళ శరీరాల సేవ కూడా మన నెత్తినే వేసుకోవాలా? ఈ ప్రశ్న న్యాయమైనదే.

జబ్బు అరుదైనదే కానీ ఎక్కువగా వచ్చేది 15-40 ఏళ్ళ మధ్య. తరచుగా నొప్పి లేని చిన్న గడ్డగా మొదలవుతుంది. త్వరగా గుర్తిస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. అమెరికన్ సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వాపుని పట్టించుకోలేదు. 1996లో, 25 ఏళ్ళ వయసులో, జబ్బు బయటపడేసరికి ఊపిరితిత్తులకీ మెదడుకీ పాకింది. సిస్‌ప్లాటిన్ లాంటి మందులుండబట్టి బతికాడు.

ఓర్చుకోవడమే మగతనమని నేర్పాక కుర్రాడు ఎవరికి చెప్పుకుంటాడు? ఏ మాటతో చెప్తాడు? పాఠ్యపుస్తకంలో 'వృషణం' ఉంది, వీధిలో బూతు ఉంది. ఈ రెండింటికీ మధ్య అమ్మతోనో డాక్టరుతోనో అనగలిగే మాట లేదు. వాపు కనిపిస్తే 'వరిబీజం' అని నవ్వుతారు. ఆడపిల్ల శరీరం మీద ఇంటిల్లిపాదికీ నిఘా. మగపిల్లవాడికి ఆ నిఘా లేదు, తన శరీరం గురించిన ఎరుకా లేదు.

ఈ మౌనం భారం మళ్ళీ ఆడవాళ్ళ మీదే పడుతుంది. పిల్లలు పుట్టకపోతే ముందు పరీక్షలకి పంపేది భార్యనే కదా! ఒక వృషణం తీసేసినా, రెండోది ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా హార్మోన్లకీ సంతానానికీ సరిపోతుందని, కీమోథెరపీకి ముందే వీర్యాన్ని భద్రపరచుకోవచ్చని ఎంతమంది ఇళ్ళల్లో తెలుసు?

అలాగని భయపెట్టే ప్రచారమూ వద్దు. లక్షణాలేమీ లేనివాళ్ళకి ఈ కేన్సర్ కోసం పరీక్షలు అక్కర్లేదని అమెరికాలోని నివారణ వైద్య నిపుణుల బృందం 2011లో చెప్పింది. అనవసరమైన ఆందోళన, పరీక్షలు తప్ప ఒరిగేది తక్కువ. తన శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలియడం, తేడా కనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకి చూపించడం, ఇంతే కావలసింది.

ఈ పని స్త్రీలకి కొత్త కాదు. 1970ల మొదట్లో బోస్టన్ స్త్రీలు కలిసి కూర్చుని, తమ శరీరాల గురించి తామే తెలుసుకుని 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' పుస్తకం తెచ్చారు. ఆ పద్ధతిని మగపిల్లలకి చెప్పగలం. అయితే వాళ్ళ తరఫున మనం కూర్చోలేం. తండ్రులు, అన్నలు, మేష్టర్లు నోరు విప్పాలి. అలా విప్పమని అడగడం సేవ కాదు, మన రాజకీయమే.