ఓరచూపు, కటాక్షం, లీర్: చూపులోని దోషం ఎక్కడిది?

ఆంగ్లంలోని 'లీర్' అనే పదాన్ని తెలుగు చేయవలసివచ్చినప్పుడు అనువాదకునికి మొదట స్ఫురించే మాట 'ఓరచూపు'. కంటి కదలిక వరకే చూస్తే ఈ అనువాదం పొరపాటు కాదు. కాని ఒక స్త్రీ తన్ను వేధించిన చూపును గూర్చి ఆంగ్లంలో ఇచ్చిన ఫిర్యాదు తెలుగులో 'ఓరచూపు చూశాడు' అని మారితే, అభియోగం శృంగార వర్ణనగా పరిణమిస్తుంది. కనుక ఇది కేవలం పర్యాయపద సమస్య కాదు. చూపులో దోషం ఎక్కడ ఉన్నదనే నైతిక ప్రశ్న.

ప్రాచీనాంగ్లంలో 'హ్లెయోర్' అంటే చెంప, ముఖం. 'లీర్' అనే క్రియ దీనినుండే పుట్టిందని నిరుక్తకారుల అభిప్రాయం. పదహారవ శతాబ్దిలో వాడుకకు వచ్చిన ఈ క్రియకు తొలి అర్థం పక్కకు చూడడమే. అంటే చెంప మీదుగా చూపు సారించడం. కామమో కుత్సితమో నిండిన చూపు అనే అర్థం తరువాత స్థిరపడింది. దీనికి సన్నిహితమైన 'ఓగుల్' పదిహేడవ శతాబ్ది చివర డచ్చి, లో జర్మన్ భాషల ప్రాంతం నుండి వచ్చినదిగా భావిస్తారు. దాని మూలంలో ఉన్నది కన్ను. డచ్చిలో కంటిని తెలిపే 'ఓగ్', సంస్కృతంలోని 'అక్షి' ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు సంతానం.

ఆ 'అక్షి'యే 'కటాక్షం'లోనూ ఉంది. కటాక్షమూ మౌలికంగా కడగంటి చూపే. సంస్కృత-ఆంగ్ల నిఘంటుకారులు దాని అర్థాలలో 'లీర్'ను కూడా చేర్చారు. అయితే తెలుగు వ్యవహారంలో కటాక్షం దైవానుగ్రహమై, పెద్దల దయయై ఉన్నతిని పొందింది. ఒకే కంటి కదలికను తెలిపిన రెండు పదాలలో ఒకదానికి అర్థోత్కర్ష, మరొకదానికి అర్థాపకర్ష కలిగాయి. కాబట్టి దోషం చూపు వంపులో లేదు.

అది కోరికలో ఉన్నదనుకోవడమూ చాలదు. కావ్యనాయిక ఓరచూపులోనూ కోరిక ఉంటుంది. కాని ఆ చూపు బదులు కోసం ఎదురుచూస్తుంది. నాయకుడు చూపు మరల్చుకుంటే అక్కడితో ఆగుతుంది. కటాక్షమైతే అర్థించినవానిపై ప్రసరిస్తుంది. 'లీర్' ఎవరూ అర్థించనిది, బదులు అక్కరలేనిది. ఎదుటివారి ఇబ్బందిని గమనించి కూడా అది ఆగదు. పలుమార్లు ఆ ఇబ్బందినే ఆస్వాదిస్తుంది. చాటునుండి చూసేవాడు తాను చూస్తున్నట్లు తెలియకూడదనుకుంటాడు. ఇతడు తెలియాలనే చూస్తాడు.

'చూడడం మాత్రమే చేశాను, మనసులోని మాట ఎవరికి తెలుసు?' అనే సమర్థన ఇక్కడ ఎదురవుతుంది. దీనికి సమాధానం పద చరిత్రలోనే సూచితమైంది. చెంప, ముఖం మనసువలె గుప్తమైనవి కావు. అవి ఎదుటివారికి కనిపించేవి. ముఖం ద్వారా ఎదుటివారికి చేరవేసినది ఆలోచన కాదు, ప్రవర్తన. పని ప్రదేశాలలో స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం వేధింపును నిర్వచిస్తూ, లైంగిక స్వభావం గల అవాంఛిత ప్రవర్తనలో మాటలతో పాటు మాటలు లేని చేష్టలనూ చేర్చింది.

అయినా ప్రతి చూపునూ అనుమానించడం న్యాయం కాదు. పరధ్యానంగా నిలిచిన చూపును, మెల్లకంటి చూపును పొరబడి అర్థం చేసుకునే అవకాశం ఉంది. చూసినవాని బాధ్యత మొదటి క్షణంలో సందిగ్ధమే కావచ్చు. ఎదుటివారు ముఖం తిప్పుకొన్నారని, పైట సర్దుకొన్నారని గ్రహించిన తరువాత కూడా కొనసాగితే ఆ సందిగ్ధత ఉండదు. చూడడం దోషం కాదు. చూడబడినవారు 'వద్దు' అన్నది చూసి కూడా చూడనట్లుండడం దోషం.

ఈ దృష్టితో 'లీర్'కు 'ఓరచూపు' కన్న 'వెకిలిచూపు' తగిన అనువాదం. మొదటి మాట కంటి కదలికను మాత్రమే చెబుతుంది. రెండవది ఆ చూపు ఎదుటివారి పట్ల చూపిన అమర్యాదను చెబుతుంది. ఫిర్యాదు చేసిన స్త్రీ చెప్పదలచినది ఆ రెండవదే.