ఆ గొంతు కాదు

2004 సెప్టెంబరు 21, మంగళవారం. సాయంత్రం 6:30కి రేడియోలో నాటకం మొదటి భాగం మొదలైంది, 7 గంటలకి అయిపోయింది. పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చుని, 9 అయ్యేసరికి రేడియో వాళ్ళకి రెండు పేజీల ఉత్తరం రాసేశాను. మర్నాడు ఆఫీసుకి పోతూ ఎర్ర డబ్బాలో పడేసి, ఏదో ఘనకార్యం చేసినవాడిలా నడిచాను. దానికి నకలు నా దగ్గర లేదు. అక్కర్లేదు కూడా, సగం వాక్యాలు ఇప్పటికీ నోటికొచ్చు.

ఆ గొంతు కాదు, ఆ గొంతు లేకుండా ఈ నాటకం వెయ్యకూడదు, డగ్లస్ ఆడమ్స్ బతికుంటే ఒప్పుకునేవాడు కాదు. అదీ సారాంశం. మిగతాదంతా ఈ ముక్కనే తిప్పి తిప్పి చెప్పడం.

డగ్లస్ ఆడమ్స్ రాసిన ఆ నాటకం పేరు 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ'. దారిన పోయే అంతరిక్ష నౌకల్ని లిఫ్టు అడుక్కుని విశ్వమంతా తిరిగేవాళ్ళ కోసం రాసిన గైడు పుస్తకం అన్నమాట. 1978 మార్చి 8, బుధవారం రాత్రి 10:30కి బీబీసీ రేడియో 4లో మొదటి భాగం వచ్చింది. ముందుగా పెద్ద ప్రచారమేమీ లేదు. ఆ వేళకి ఎవరు వింటార్లే అనుకునే టైము. రోడ్డు వెడల్పు కోసం ఇల్లు కూలగొట్టినట్టు, అంతరిక్షంలో బైపాస్ వెయ్యడానికి భూమిని కూలగొట్టేస్తారు. డ్రెస్సింగ్ గౌనులో ఉన్న ఆర్థర్ డెంట్ అనే మామూలు ఇంగ్లిష్ మనిషి ఒక స్నేహితుడి పుణ్యాన బతికి బయటపడతాడు. మధ్య మధ్యలో ఆ గైడు పుస్తకమే మాట్లాడుతూ ఉంటుంది. ఆ పుస్తకానికి గొంతు పీటర్ జోన్స్‌ది. అన్నీ తెలిసినవాడు చెప్పినట్టుండదు. తను చదువుతున్నది తనకే కాస్త వింతగా ఉన్నట్టు, ఎవరైనా అడ్డొస్తే ఆపేద్దామా అన్నట్టు, నెమ్మదిగా చదువుతాడు.

ఇది నాకు పరిచయం చేసింది ఇంగ్లండులోని రెడింగ్‌లో నేను పనిచేసిన ఆఫీసులో పక్క సీటాయన. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. కాలేజీ రోజుల్లో హాస్టల్ గదిలో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని ఆ మొదటి ప్రసారాలు విన్నవాడు. 2003 చలికాలంలో కాసెట్ల పెట్టె నా బల్ల మీద పెట్టి, కారులో పెట్టుకుని విను అన్నాడు. విన్నాను. సాయంత్రం నాలుక్కే చీకటి పడే ఊళ్ళో, కారు అద్దాల మీద వాన, లోపల ఆ గొంతు. నెల తిరక్కుండా పాత్రల మాటలు నాకు కంఠస్థం.

ఇక్కడ మొదటి నిజం చెప్పుకోవాలి. నాకు సగం అర్థం కాలేదు. ఆర్థర్ స్నేహితుడు అసలు వేరే గ్రహంవాడు, భూమి మీద ఎవరికీ అనుమానం రాకుండా ఫోర్డ్ ప్రిఫెక్ట్ అని పేరు పెట్టుకుంటాడు. నాకది 'పర్ఫెక్ట్' అని వినపడి దానికి సరిపడా నవ్వు నవ్వాను. అది ఇంగ్లండులో ఒకప్పుడు రోడ్డు నిండా తిరిగిన కారు పేరనీ, మన దగ్గరికొచ్చిన గ్రహాంతరవాసి 'అంబాసిడర్' అని పేరు పెట్టుకున్నట్టనీ తెలిసింది నాలుగు నెలల తర్వాత. అయినా అభిమానం విషయంలో నేను ఎవరికీ తగ్గలేదు. జీవితానికీ విశ్వానికీ అన్నిటికీ కలిపి జవాబు 42 అని ఆ నాటకంలో ఒక మహా కంప్యూటర్ చెబుతుంది కదా. అభిమానులు దాని మీద పడి ఏళ్ళ తరబడి లెక్కలు కట్టారు. ఆరు తొమ్మిదులు పదమూడు అంకెల పద్ధతిలో రాస్తే 42 అవుతుందని ఒకరు, రెండంకెల పద్ధతిలో అందంగా 101010 వస్తుందని ఇంకొకరు. అదేం లేదు మహాప్రభో, నవ్వొచ్చే చిన్న అంకె ఒకటి కావాల్సొచ్చి పెట్టానని ఆడమ్స్ మొత్తుకున్నా వదల్లేదు. నేనూ వదల్లేదు. నక్షత్రాలు 27, తిథులు 15, కలిపితే 42 అని భోజనాల దగ్గర గంభీరంగా ప్రకటించాను. పక్క సీటాయన అంతే గంభీరంగా జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

తువ్వాలు సంగతి ఒక్కటే నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. విశ్వంలో తిరిగేవాడికి తువ్వాలుకి మించిన ఆస్తి లేదంటుంది గైడు. ఆడమ్స్ 2001 మే 11న పోయాక, రెండు వారాలకి మే 25న అభిమానులు తువ్వాళ్ళు వేసుకుని తిరిగారు, అప్పట్నుంచి ఏటా తిరుగుతున్నారు. మా ఆఫీసులో ఒకమ్మాయి ఆ రోజున భుజాన తువ్వాలుతో వస్తే అందరూ నవ్వారు. నాకు మటుకు మా నాన్న కనిపించాడు. ఆయనకి ఏడాదిలో 365 రోజులూ మే 25లే. చెమట తుడుచుకోడానికి, బస్సులో సీటు ఆపుకోడానికి, అరటిపళ్ళు మూటగట్టుకోడానికి, ఆదివారం రేడియో నాటకం వింటూ మొహం మీద కప్పుకోడానికి.

నాన్న విజయవాడ కేంద్రం నాటకాలకి భక్తుడు. తెనాలి దగ్గర మా ఊళ్ళో, నాటకం వచ్చేసరికి వంటింట్లో గిన్నె చప్పుడు కాకూడదు. అమ్మ పోపు కూడా ఆపుకునేది. ఆయన పడక కుర్చీలో వెనక్కి వాలి, మొహం మీద తువ్వాలు వేసుకునేవాడు. కళ్ళు తెరిచి ఉంటే మా గోడలు, మా దండెం, మేమూ కనపడతాం, నాటకంలో వాళ్ళు కనపడరు అనేవాడు. అయిపోగానే తువ్వాలు తీసి తీర్పు చెప్పేవాడు. 'తండ్రి గొంతులో వయసు లేదురా.' 'ఆ పిల్ల ఏడుపు ఏడుపు కాదు.' తీర్పు అక్కడితో ఆగదు. 15 పైసల కార్డు తీసి, చీమల బారులాంటి అక్షరాలతో అంచుల దాకా నింపి, పోస్టు డబ్బాలో వెయ్యమని నా చేతికిచ్చేవాడు. ఆ తర్వాత శ్రోతల ఉత్తరాలు చదివే కార్యక్రమం వచ్చినప్పుడల్లా తన పేరు కోసం చెవి రిక్కించుకుని కూర్చునేవాడు.

నాకు పన్నెండేళ్ళు. ఊళ్ళో పోస్టు డబ్బా ఉన్న చోటే పెద్దపిల్లల క్రికెట్. మీ నాన్న మళ్ళీ తిట్టాడ్రా రేడియో వాళ్ళని అని వాళ్ళు వెక్కిరించేవాళ్ళు. ఒకసారి ఒక కార్డు, ఆ తర్వాత ఇంకో రెండు, కాలవలో వేశాను. సిరా నీళ్ళలో నీలంగా పాకుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ మూడు కార్డుల సంగతి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

సరే, 2004. ఇరవై నాలుగేళ్ళ విరామం తర్వాత హిచ్‌హైకర్ మళ్ళీ రేడియోలోకి వస్తోందన్నారు. డర్క్ మాగ్స్ దర్శకత్వం. పాత బృందంలో ముఖ్యమైనవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆర్థర్‌గా సైమన్ జోన్స్, మార్విన్ అనే దిగులు రోబోగా స్టీఫెన్ మూర్. పీటర్ జోన్స్ లేరు, 2000లోనే పోయారు. అంటే ఆయన గొంతు మొదటిసారి నా చెవిన పడేటప్పటికే ఆయన పోయి మూడేళ్ళు దాటింది. ఆయన స్థానంలో ఇంకో పెద్ద నటుడు గైడు చదివారు. ఆయన పేరు ఇక్కడ రాయను. నా కోపానికి ఆ పేరు తగిలించి ఇంకోసారి తప్పు చెయ్యడం దేనికి.

ఉత్తరంలో నేను రాసిన వాటిలో అన్నిటికంటే పెద్ద అబద్ధం 'ఇన్నేళ్ళుగా మేము' అన్న మాట. ఏ ఇన్నేళ్ళు? పది నెలలు. 1978లో నేను మా ఊళ్ళో బలపం పట్టుకుంటున్నాను. నిజంగా ఇరవై ఆరేళ్ళు మోసిన మనిషి నా పక్క సీట్లోనే ఉన్నాడు. మర్నాడు పొద్దున ఎలా ఉందని ఆయన్ని అడిగాను, నాకు వంత పాడతాడని. కప్పు కింద పెట్టి, బాగానే ఉంది, అందరం ముసలాళ్ళమయ్యాం కదా అన్నాడు. అని పనిలో పడ్డాడు. ఏడవాల్సినవాడు ఏడవడం లేదు, చుట్టపుచూపుగా వచ్చిన నేను గుండెలు బాదుకుంటున్నాను.

తిట్టే తొందరలో మిగతా భాగాలు వచ్చేదాకా కూడా ఆగలేదు. ఆ కథంతా క్రికెట్ చుట్టూ తిరుగుతుంది. లార్డ్స్ మైదానంలోకి రోబోలు దిగుతాయి, హెన్రీ బ్లోఫెల్డ్, ఫ్రెడ్ ట్రూమన్ నిజం వ్యాఖ్యాతల్లాగే వ్యాఖ్యానం చెబుతారు. ఎవరి సాయమూ లేకుండా నాకు ప్రతి జోకూ అందిన భాగం అదొక్కటే. క్రికిట్ అనే గ్రహం జనం ధూళిమేఘం లోపల, ఆకాశంలో చుక్కన్నదే ఎరగకుండా హాయిగా పాడుకుంటూ బతుకుతుంటారు. ఒకనాడు మేఘం దాటి చూస్తారు, కోటానుకోట్ల నక్షత్రాలు. వాళ్ళకి భయం వెయ్యదు, భక్తి పుట్టదు. ఇదంతా ఉండటానికి వీల్లేదు, తుడిచేద్దాం అనుకుంటారు. మళ్ళీ విన్నప్పుడు నా రెండు పేజీలూ గుర్తొచ్చి రేడియో సౌండు తగ్గించుకున్నాను, పక్కగదివాళ్ళు వింటారేమో అన్నట్టు.

అసలు దెబ్బ ఆ తర్వాత కొన్ని వారాలకి పడింది. కథలో అగ్రజాగ్ అని ఒక జీవి ఉంది. ఈగగా పుడితే ఆర్థర్ కొట్టి చంపాడు. కుందేలుగా పుడితే చంపాడు. ఎన్ని జన్మలెత్తినా ప్రతిసారీ చావు ఆ అమాయకుడి చేతిలోనే, అతనికి ఆ సంగతే తెలీదు. 1978 నాటకంలో తిమింగలంతో పాటు ఆకాశంలోంచి పడిపోయిన పెటూనియా పూలకుండీ కూడా ఈ జీవుడిదే ఒక జన్మ. ఆ జీవి గొంతు విప్పి ఆర్థర్‌కి జన్మజన్మల లెక్క అప్పజెప్పడం మొదలెట్టింది. అది డగ్లస్ ఆడమ్స్ గొంతు. ఆయన బతికుండగా ఈ కథ ఉన్న తన పుస్తకం చదివి రికార్డు చేసిన దాంట్లోంచి మాటలు తీసి, సైమన్ జోన్స్ సంభాషణకి అతికించారట. ఆ పాత్ర తనే వెయ్యాలని ఆయనకి కోరిక ఉండేదట. బతికుంటే ఒప్పుకునేవాడు కాదని ఎవరి తరఫున రాశానో, ఆయనే చచ్చిపోయి మూడేళ్ళయ్యాక నాటకంలోకి వచ్చి మాట్లాడుతున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి.

ఇక మిగిలింది ఒక్కటి. ఇన్నేళ్ళూ నాలో నేను కూడా అనుకోనిది.

ఆ ఏడు జూన్‌లో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మూతి. రెండు వారాల సెలవు మీద వెళ్ళి వచ్చేశాను. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం ఫోన్. అవతల వినపడేది నాన్నే, గొంతు నాన్నది కాదు. నాలుక మడతపడి, ఒక్కో మాట బరువెత్తినట్టు వచ్చేది. నేను ఐదు నిమిషాల్లో ఏదో పని చెప్పి పెట్టేసేవాడిని. ఒకటి రెండు వారాలు అసలు చెయ్యలేదు, లైను దొరకలేదని అమ్మతో అబద్ధమాడాను. పీటర్ జోన్స్ గైడు చదువుతుంటే, పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివే నాన్న వినపడేవాడు నాకు. తను చదివింది తనే నమ్మలేనట్టు మధ్యలో ఆగే ఆ ఆగడం అచ్చం అంతే. కాసెట్ల కాలంలో ఇది నాకు తెలుసా అంటే, తెలుసనే అనుకుంటాను. లేక ఇప్పుడు రాయడానికి కూర్చుని కలుపుకుంటున్నానా, చెప్పలేను. ఇలాంటి పోలికలు నా తప్పుని తేలిక చేస్తాయి కాబట్టి నాకే వాటి మీద అనుమానం. ఆ కొత్త గొంతు పెద్దాయన 2006లో పోయారని పేపర్లో చదివినప్పుడు మాత్రం, ఆఫీసు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

అగ్రజాగ్ వచ్చిన వారం, ఆదివారం, నాన్నకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తోచక ఆ కథే చెప్పాను. ఈగ, కుందేలు, పూలకుండీ, ప్రతి జన్మలోనూ అదే మనిషి చేతిలో చావు. అవతల నిశ్శబ్దం. లైను పోయిందనుకున్నాను. అంతలో నవ్వు వినపడింది. మాట మారింది గానీ నవ్వు మారలేదు. గొంతులో మొదలై ముక్కులోంచి వచ్చే ఆ పాత నవ్వే.

"వాడు... ఏం పాపం... చేశాడ్రా మరి?" అన్నాడు.

"అది వాళ్ళు చెప్పలేదు నాన్నా."

"చెప్పకపోతే... ఎట్లా?" ఊపిరి తీసుకున్నాడు. "ఉత్తరం... రాసి అడుగు."

"సరే."

"డబ్బాలోనే... వెయ్యి."