హేమంతాగమనము – గోదావరీ స్నానము

కార్తీక బహుళ అమావాస్య గడచిన మరునాటి తెల్లవారుజామున నిడదవోలు కాలువరేవులలో అడుగు మోపుటకు చోటుండదు. నాడు మార్గశిర శుద్ధ పాడ్యమి. స్త్రీలు దానిని పోలిపాడ్యమి యందురు. అరటిదొప్పలలో నేతివత్తులు వెలిగించి నీట విడుతురు. ఆశ్వయుజ కార్తీకములు శరత్తు, మార్గశిర పుష్యములు హేమంతము. కావున ఒక ఋతువు వేరొక ఋతువునకు లోకము నప్పగించునది ఆ ఉషఃకాలమే. పంచాంగము చూడనివారికి సైతము ఆ సంగతిని కాలువనీరే చెప్పును. నెలదినముల క్రిందట పాదము మోపినంతనే హాయి గొలిపిన నీరు ఇప్పుడు చీలమండ దాటకమునుపే ఒడలు ఝల్లుమనిపించును.

ఈ నీరు సామాన్యమైనది కాదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట మూలమున, విజ్జేశ్వరము తలుపుల నుండి పడమటి డెల్టాకు మరలిన గోదావరియే ఇది. ఊరి పేరును గూడ ఒక్కింత తలపవలసియున్నది. నిడదవోలు పూర్వనామము నిరవద్యపురము, నిరవద్యప్రోలు. అవద్యము లేనిది, అనగా వంక పెట్టుటకు వీలులేనిది నిరవద్యము. ఇది చాళుక్యుల నాటి పేరు. కాకతి రుద్రమదేవి భర్తయగు వీరభద్రుడు ఈ నిడదవోలు చాళుక్య వంశమువాడే. ఊరు నిర్దోషమో కాదో ఊరివారికే తెలియును గాని, ఈ ఋతుసంధి యందలి ప్రాతఃకాలమునకు మాత్రము ఆ పేరు చక్కగా తగియున్నది.

ఊరు దాటి చేలగట్టు మీదికి వచ్చినవానికి ముందుగా ఏమియు కనబడదు. మంచు తెరవలె దిగియుండును. తాటిచెట్లకు తలలు మాత్రమే యుండి మొదళ్ళు లేనట్లు తోచును. రైలుకూత వినబడును గాని రైలు కానరాదు. కొంతసేపటికి గరికపోచల కొనలపై నీటిబొట్లు, కంపపై సాలీడు రాత్రియంతయు అల్లిన వల, ఆ వలపై ముత్యముల పేరువంటి మంచుబిందువులు ఒక్కటొక్కటిగా వెల్లడియగును. పెరళ్ళలో బంతి, చేమంతి విచ్చుచుండును. ఉసిరికొమ్మలు కాయలతో వంగియుండును. క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో నాటిన ఉసిరికొమ్మ ఇంకను వాడి అక్కడనే యుండును. నెల్లాళ్ళు వెలిగిన ఆకాశదీపమును దింపివేసినందున ధ్వజస్తంభము వద్ద ఏదో కొరవడినట్లు చూపరులకు తోచును.

ఇట్టి ప్రాతఃకాలమునే, ఇదే నది యొడ్డున, ఇదే ఋతువు మొదట ఒకరు చూచి వర్ణించిరి. శ్రీమద్రామాయణము అరణ్యకాండ పదునారవ సర్గమున శరత్తు గడచి హేమంతము ప్రవేశించినది. రాత్రి తెల్లవారుచుండగా శ్రీరామచంద్రుడు స్నానార్థమై గోదావరికి బయలుదేరెను. సీతాదేవి వెంట నడచినది. కలశము చేతబట్టి లక్ష్మణుడు వినమ్రుడై అనుసరించెను. నడచుచు నడచుచు అన్నగారికి ప్రియమైన ఋతువు వచ్చినదని ఆయన చెప్పనారంభించెను. నీరు చేదై నిప్పు తీపియైనదనియు, సూర్యుడు దక్షిణమునకు పోవుటచే ఉత్తరదిక్కు తిలకము లేని స్త్రీవలె నున్నదనియు చెప్పెను. దప్పిగొన్న ఏనుగు చల్లని నీటిని తాకి తొండమును వెనుకకు తీసికొనుటను, నీటిపక్షులు యుద్ధమునకు జంకిన పిరికివారివలె ఒడ్డుననే కూర్చుండుటను చూపెను. ఊపిరి సోకి చూపు కోల్పోయిన అద్దమువలె చంద్రుడున్నాడనిన మాటను ఆనందవర్ధనాచార్యులు ధ్వన్యాలోకమున ఉదాహరణముగా గ్రహించిరి. అలంకారశాస్త్రము చదువు విద్యార్థులకు ఆ అద్దము కంఠస్థమే. చలికాలమున ఉదయము అద్దము ముందు నిలిచి ఊపిరి విడిచి చూచినవారు ఆ విద్యార్థులలో ఎందరో!

బంగారు వన్నెతో, గింజ నిండిన వెన్నులతో ఇంచుక వంగిన వరిచేలను గూడ లక్ష్మణస్వామి చూపెను. నిడదవోలు వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అప్పటికి సార్వా పంట కోతకు వచ్చి చేలు పసుపుపచ్చగా మారియుండును. ఈ సీమలోని మార్టేరు పరిశోధనాస్థానము నుండి 1982లో వెలువడి దేశమంతట వ్యాపించిన ఎం.టి.యు. 7029 వరివంగడమునకు స్వర్ణ అని పేరు. వాల్మీకిని తలచి పెట్టిరో, చేనిని చూచి పెట్టిరో గాని, పెట్టినవారు రసికులే.

ఇచట ఒక ఆక్షేపము వినబడును. ముముక్షువు కన్నులు మూసికొని లోపలికి చూడవలెను గాని గడ్డిపై మంచును చూచుచు నిలుచుట కాలహరణము కాదా యని. జగత్తు మిథ్య యనువారి సంగతి వేరు. శ్రీరామానుజ దర్శనమున చిదచిత్తులు రెండును సత్యములు, భగవంతునకు శరీరములు. శరీరమును చూడక శరీరిని చూచుటెట్లు? గీత పదవ అధ్యాయమున విభూతులను చెప్పుచు స్వామి ఋతువులలో పూలు పూచు వసంతము తానే యనెను. ఆ వరుసలో మాసములలో చైత్రమునే చెప్పవలసినది. చెప్పలేదు. మార్గశీర్షము తాననెను. పూలకారు నొకచోట చెప్పి, వణకించు నెలను వేరొకచోట చెప్పుటలో అభిప్రాయము లేకపోదు. ఆండాళ్ తల్లి సఖులను నిదుర లేపి స్నానమునకు పిలిచినది ఈ మాసముననే. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులు తిరుప్పావై వినబడుట యాత్రికులందరు ఎరిగినదే.

అయినను చేలగట్టున నిలిచిన రైతునకు ఈ అందము నిశ్చింతగా అనుభవించు యోగము లేదు. తుపానులు వచ్చు కాలమును ఇదియే. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినది. కోనసీమను కూల్చిన తుపాను 1996 నవంబరు 6న వచ్చినది. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరము దాటిన తుపానువలన గోదావరి జిల్లాలలో కోసిన పనలు, ఆరబోసిన ధాన్యము తడిసిపోయినవి. ఎర్రకాలువ పొంగినచో నిడదవోలు చుట్టుపట్ల చేలు మునుగుట వేరుగా నుండనే యున్నది. తూర్పున మబ్బు కనబడినపుడు వంగిన వెన్నును చూచి మురియుటయా, భయపడుటయా? అట్టి దినమున అందమును గూర్చి వానికి బోధించుట అవివేకము. ముందుగా పన కట్టించి గట్టు చేర్చుటకు చేయి వేయవలెను.

లక్ష్మణుని మాటలు గూడ ఆనందముతోనే ముగియలేదు. ఇంతటి చలిని వర్ణించుచు నుండగా ఆయన మనస్సు ఒక్కసారిగా అయోధ్య వైపునకు మరలినది. ఈ వేళకే నందిగ్రామమున కటికనేలపై పరుండి లేచి భరతుడు సరయువులో మునుగుచుండును గదా, సుకుమారుడు, ఈ చలి కెట్లు ఓర్చునో యని తలచెను. అంతటితో ఆగలేదు. దశరథుడు భర్త, భరతుడు కొడుకు అయియుండి కైకేయి అంత క్రూరురాలెట్లయ్యె నని మాట పెగలినది. మంచు, వరి, పక్షులు అన్నియు మరుగుపడి పాతగాయము పైకి వచ్చినది. సంసారులకు ఇది పరిచితమే. తీర్థమునకు పోయినను, రేవులో మునిగినను, ఇంటి తగవు వెంటనే వచ్చును.

శ్రీరాముడు తమ్ముని మందలించిన తీరు గమనింపదగినది. హేమంతమును గూర్చి మరల చెప్పుమని ఆయన మాట మార్చలేదు. మధ్యమాంబను నిందింపవలదు, ఆ భరతుని కథనే చెప్పుమనెను. వనవాసమున దృఢమైన తన బుద్ధి భరతుని తలచినంతనే మరల పసివాని బుద్ధి యగుచున్నదని ఒప్పుకొనెను. మనమందరము ఎన్నడు కలిసికొందుమో యనెను. పిదప మువ్వురును గోదావరిలో స్నానమాడి దేవతలకు, పితరులకు తర్పణములు విడిచిరి. శూర్పణఖ వచ్చుట ఆ మరుసర్గమున. ఆ కుటుంబము అంత నిమ్మళముగా గడపిన ఉదయము అటుపిమ్మట ఆ కాండలో మరి దొరకదు.

పోలి కథలో పోలికి నదీస్నానము లేదు. అత్తగారు తక్కిన కోడళ్ళను వెంటబెట్టుకొని నదికి పోయి, చిన్నకోడలు పోలిని ఇంటిపనికి విడిచినది. దీపము పెట్టుటకు ఏమియు మిగల్చలేదు. పోలి నేలరాలిన ప్రత్తిని ఏరి వత్తి చేసి, కవ్వమునకు అంటిన వెన్నతో దీపము వెలిగించి, అత్తగారి కంటబడకుండ బుట్ట బోర్లించినది. కార్తీకము ముగిసిన నాడు విమానము దిగినది ఆ బుట్ట వద్దకే. ఈ కథను రేవులో చెప్పువారు తరచు అత్తగార్లే యగుట ఒక వింత.

తూర్పు తెల్లబడువేళకు దొప్పలు గుంపుగా దిగువకు సాగును. కొన్ని రెల్లుదుబ్బులకు తగిలి నిలిచిపోవును. పిల్లలు చేతితో నీటిని త్రోసి వానిని నడుపుదురు. రేవు మెట్లపై కొందరు తమ దీపము విడిచిన పిదప గూడ వెంటనే పైకి రారు. మంచము పట్టి ఇంట నుండిపోయినవారి పేర, పైయూళ్ళలో నున్న కూతురి పేర మరియొక దొప్ప వెలిగించి, గాలికి చేయి అడ్డుపెట్టి నీటిపై నుంచి, మంచులో అది కనుమరుగగువరకు చూచుచుందురు.